కొత్తయ్య మావ పలంకి ఆట

మా మేనమామ కొత్తయ్య ఈ ఆషాఢంలో రెండోసారి చనిపోయాడు. మొదటిసారి చనిపోయినప్పుడు నాకు పదహారేళ్ళు, అప్పుడాయన పేరు దానయ్య. ఈసారి మాత్రం నిజంగానే, మార్కండిలో సొంత మంచం మీద, మధ్యాహ్నం గంజి తాగి పడుకున్నవాడు పడుకున్నట్టే పోయాడు. పిల్లలు లేరు కనక మరణ ధ్రువపత్రం పని నా మీద పడింది. కాగితాల ప్రకారం ఆయన నాకంటే పదిహేడేళ్ళు చిన్నవాడు. ఆఫీసులో కుర్రాడు రేషన్ కార్డూ నా ఆధార్ కార్డూ పక్కపక్కన పెట్టి, మేనమామ అంటున్నారు, మేనల్లుడేమో సరిగ్గా గుర్తు చేసుకోండమ్మా అని ఒడియాలో చాలా మర్యాదగా అడిగాడు. నేను మొదట్నుంచీ చెప్పడం మొదలుపెట్టాను. కాసేపటికి అతను రాయడం ఆపేసి, పక్క బల్ల ఆయన్ని కూడా పిలిచి కుర్చీ వేశాడు. పత్రం వచ్చింది గానీ, ఆ కథ చెబుతున్నంతసేపూ నేను ఆఫీసులో లేను, ఇసకలో ఉన్నాను. అందుకే ఇది రాయాలనిపించింది.

ఒడిశా తీరంలో తెలుగు పల్లె మార్కండి, అక్కడ మా ఇల్లు అమ్మమ్మది. సముద్రానికి ఎంత దగ్గరంటే, అన్నంలో ఉప్పు తక్కువైతే కిటికీ తెరుచుకోమనేవారు. ఇంటిముందు ఇసక మీద పాత వలలు పరిచి, వాటి మీద చేపలు ఎండబెట్టేవాళ్ళం. గంటకోసారి వాటిని తిరగెయ్యాలి, కాకుల్ని తోలాలి, మబ్బు పడితే అన్నీ ఎత్తి లోపల పెట్టాలి. నా జడకీ, పుస్తకాలకీ, చివరికి అమ్మవారి పటానికి కూడా ఎండుచేపల వాసనే. బరంపురం కాలేజీలో నేను కూర్చున్న బల్ల మీద ఎప్పుడూ బోలెడు చోటుండేది. అమ్మమ్మ రోజంతా అడ్డపొగ తాగేది, అంటే చుట్టకి నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని. నిప్పు లోపలుండగానే మాట్లాడేది, తిట్టేది, బంగారంలాంటి మంచి సలహాలు ఇచ్చేది. ఏదైనా ముఖ్యమైన మాట చెప్పాల్సొస్తే మాత్రం చుట్ట బయటికి తీసేది. ఆమె చుట్ట తీసిందంటే ఇంట్లో అందరం చేస్తున్న పని ఆపేవాళ్ళం.

దానయ్య మావ విశాఖపట్నం వెళ్ళి ఓడలో వంటమనిషికి సాయంగా చేరాడు. ఏడాది ఉత్తరాలు రాయించాడు, తరవాత ఆగిపోయాయి. ఓ రోజు సోనాపురం మనిషొకడు విశాఖ రేవులో విన్నానంటూ, ఆ ఓడ పోయిందని చెప్పాడు. అతను చెప్పింది నిజమే. ఓడ యజమాని అప్పులపాలై ఎటో పోతే, స్పెయిన్ దేశంలో ఒక రేవువాళ్ళు దాన్ని పట్టి కట్టేశారు. యజమానికి ఓడ పోయింది. మేం మాత్రం ఓడ మునిగిందనుకున్నాం. పెద్దలు ఇంకో ఏడాది ఆగి, ఇక లాభం లేదని గడ్డితో మనిషిని చేసి దహనం చేశారు. దినం పెట్టి ఊరందరికీ భోజనాలు పెట్టారు. ఆ పదకొండు రోజులూ అమ్మమ్మ ఏడ్చిన ఏడుపుని ఊరు నిలబడి విన్నది. మా వైపు ఆడవాళ్ళు శోకం పెడితే అది మాటలు కట్టిన పాట. ఇప్పటికీ నాకు ఆ వరసలు వచ్చు:

*ఓ నా దానయ్యా, నా నాయినా,*
*ఏ నీట ఒరిగిపోనావురా,*
*గంజి వార్చినాను, గిన్నె ఎవులికి ఎత్తనురా,*
*నీ తడిగుడ్డ దండెం మీద ఆరనే నేదురా.*

దినమైన అయిదు నెలలకి, ఓ మధ్యాహ్నం, మావ రేకుపెట్టె ఒకటి నెత్తిన పెట్టుకుని బస్సు దిగి నడిచొచ్చాడు. అమ్మమ్మ చేపలు తిరగేస్తోంది. తలెత్తి చూసి, చుట్ట బయటికి తీసి, "ఇప్పుడొచ్చేవేటిరా, నీ దినం ఐపోనాది" అంది. తరవాత చేతిలో ఉన్న చీపురుతో మావని కొట్టింది. కొట్టి కొట్టి ఇసకలో కూలబడింది.

కానీ చచ్చినవాణ్ణి ఇంట్లోకి ఎలా రానిస్తారు? పెద్దలు కూర్చున్నారు. చికిటి నుంచి పంతులు గారిని రప్పించారు. దహనం జరిగినవాడు మళ్ళీ పుడితే తప్ప మనిషి లెక్కలోకి రాడని ఆయన తేల్చాడు. అంతవరకూ రెండు రోజులు మావ తిరగేసిన పడవ నీడలో కూర్చున్నాడు. అమ్మ దూరం నుంచి పళ్ళెం తోసేది. మూడో రోజున స్నానం చేయించి, వలతో ఉయ్యాల కట్టి, గెడ్డం మీసాలతో ఉన్న ముప్పయ్యేళ్ళ మనిషిని అందులో పడుకోబెట్టారు. ఆడవాళ్ళు నవ్వాపుకుంటూ జోల పాడారు. అమ్మమ్మ నాలిక మీద ఆముదం చుక్క వేసింది. రెండో ఊపుకి ముడి జారి మావ దబ్బున కింద పడ్డాడు. కానుపు కష్టమైంది గానీ బిడ్డ క్షేమమే అన్నాడు పంతులు. చచ్చినవాడి పేరు పనికిరాదని కొత్తయ్య అని పెట్టారు. ఊరిపెద్ద నియమాల మనిషి, ఆ ఏడు రేషన్ కార్డు రాయించినప్పుడు మావ వయసు వారాల్లో చెప్పాడు.

దేశాలు తిరిగొచ్చినవాళ్ళు టేపురికార్డరో సెంటుసీసాలో తెస్తారు. మావ రేకుపెట్టెలో ఒక జత నల్ల బూట్లున్నాయి, మడమల్లోనూ మునివేళ్ళ దగ్గరా మేకులు దిగ్గొట్టినవి. ఇంకా పాటల క్యాసెట్టు ఒకటి, కుచ్చుల శాలువా ఒకటి. కుచ్చులకి కాకులు బెదురుతున్నాయని అమ్మమ్మ దాన్ని చేపల మీద కప్పేసింది. బూట్లేమిటని అడిగితే, ఓడ కట్టేసిన రేవు గేటు పక్కన ఒక విధవరాలు ఆట నేర్పేదనీ, పగలు ఒడ్డుకి దిగనిచ్చేవారు గనక తనూ అక్కడికి పోయేవాణ్ణనీ, ఆమె గంజిలాంటిదేదో పోసేదనీ, మగమనిషి తక్కువైతే తనని నిలబెట్టేదనీ చెప్పాడు. రెండేళ్ళు అలా నిలబడ్డాడట, ఉత్తరం రాసిపెట్టే మనిషే అక్కడ దొరకలేదట. ఆ ఆట పేరు ఫ్లమెంకో, బూట్లతో నేల తొక్కుతూ చేసే ఆ దేశపు నాట్యం. మా ఊళ్ళో ఆ మాట ఎవరి నోటా తిరగక, పలంకి ఆట అన్నారు.

మావ మళ్ళీ సముద్రంలోకి పోలేదు. తాత పాత పడవ, కొబ్బరి తాడుతో కుట్టినది, ఒడ్డున పడి ఉండేది. దాని కుట్లు విప్పి, పలకలు ఇసక మీద పరిచి, సాయంత్రాలు వాటి మీద బూట్లతో తొక్కేవాడు. కుక్కలు మొరిగేవి. మొదటి శిష్యురాలు పోలమ్మత్త. యాభై ఏళ్ళ మనిషి, బరంపురం సంతలో చేపలమ్మి మూడు గంటల బస్సుకి తిరిగొచ్చేది. గంప దించి కాసేపు చూసి, ఈ ఆటలో నవ్వక్కర్లేదా అని అడిగింది. నవ్వితే తప్పని మావ చెప్పాడు. సినిమాల్లో ఆడవాళ్ళు ఎగురుతూ ఎలా నవ్వుతారో తనకెప్పుడూ అర్థం కాలేదనీ, ఇదైతే తనకి కుదురుతుందనీ అంటూ ఆమె చీర కుచ్చెళ్ళు ఎగదోపింది. నెల తిరిగేసరికి ఏడుగురయ్యాం. నేను ఏడోదాన్ని, అందరిలోకీ చిన్నదాన్ని, అందరికంటే మొద్దుని. బరంపురం నుంచి పాత తోలుబూట్లు తెచ్చి మావ మేకులు కొట్టాడు. పోలమ్మత్త జీవితంలో మొదటిసారి చెప్పులేసుకున్నది అప్పుడే. అవీ బూట్లు.

లెక్క దగ్గర అందరం చతికిలపడ్డాం. ఆ ఆటకి పన్నెండు దెబ్బలు. అవి ఒకటితో కాదు, పన్నెండుతో మొదలవుతాయి. పన్నెండు, మూడు, ఆరు, ఎనిమిది, పది దగ్గర గట్టిగా తొక్కాలి. గడియారం తల్చుకోండని మావ చెబితే, ఇంట్లో గడియారం ఉన్నవాళ్ళు ఒక్కరూ లేరు. పోలమ్మత్తే దారి కనిపెట్టింది. పన్నెండుకి గంజి, మూడుకి బస్సు, ఆరుకి దీపం, ఎనిమిదికి కూడు, పదికి కునుకు. మొదటి రెండూ దూరం దూరంగా, చివరివి దగ్గర దగ్గరగా. నిజంగానే మా రోజు అలాగే నడిచేది. ఏడుగురం "గంజీ, బస్సూ, దీపం, కూడు, కునుకు" అని అరుస్తూ తొక్కేవాళ్ళం. చేతుల పని ఇంకోలా నేర్పాడు. మొగలిపువ్వు కోసేటప్పుడు ఆకు ముళ్ళు గుచ్చుకోకుండా మణికట్టు ఎలా మెల్లగా లోపలికి తిప్పుతామో అలాగే తిప్పమన్నాడు. మా ఊరి ఆడవాళ్ళు చిన్నప్పట్నుంచీ మొగలిపొదల్లో చేతులు పెట్టినవాళ్ళే. మెడలు నిలబెట్టడం నేర్పక్కర్లేదు, గంపలు మోసిన మెడలు. అంత బాగా కుదురుతున్న చోట నేనొక్కదాన్నే చదువుకున్నదాన్ని కావడం వల్ల ఒకటి నుంచి లెక్కపెట్టి అందరి కాళ్ళూ తొక్కేదాన్ని.

పాట లేదు. మావ తెచ్చిన క్యాసెట్టు ఉప్పుగాలికి చెడిపోయింది. చికిటి నుంచి హార్మోనియం ఆయన్ని తెస్తే, ఆయన భజనలు తప్ప పాడనన్నాడు. పోలమ్మత్త "కూడు" అన్న చోట ఆయన "రామా" అనేవాడు. గుండె చీలినట్టు అరిచే పాట కావాలని మావ దిగులుపడుతుంటే, మా అమ్మ నోరు జారింది. నువ్వు పోయినప్పుడు అమ్మ ఏడిచిందే, అలాంటిదా అంది. మావకి అప్పటిదాకా ఆ సంగతి తెలీదు. తన శోకం తను వినాలని పట్టుబట్టాడు. బతికున్నవాడు వింటే ఆయుష్షు తరిగిపోతుందని అమ్మమ్మ చెవులు మూసుకుంది. మూడు వారాలు ఇద్దరికీ మాటల్లేవు. చివరికి తీర్పు చెప్పింది కూడా అమ్మమ్మే, చుట్ట బయటికి తీసి.

"దానయ్య సచ్చిపోనాడు, దినం కూడా ఐపోనాది. ఆడికోసం నాను ఏడిస్తే కొత్తయ్యకేటి తప్పు? నాను నీకేసి సూడను, నువ్వు నాకేసి రాకు. అంతే."

మర్నాటి నుంచి అమ్మమ్మ మాకు వీపు పెట్టి, సముద్రంవైపు తిరిగి, పీట మీద కూర్చుని శోకం పెట్టేది. మొదటి రోజు సగం ఊరు పరిగెత్తుకొచ్చింది. ఎవరు పోయారని అడిగితే దానయ్య అని చెప్పాం. ఎరిగిన సంగతే కదా అని కొందరు వెనక్కి పోయారు. కొందరు మాత్రం కూర్చుని, తమ సొంత పోయినవాళ్ళని తల్చుకుని కళ్ళు తుడుచుకుని వెళ్ళారు. తరవాత అదో అలవాటైపోయింది. నాలుగయ్యేసరికి పనులు ముగించుకుని ఏడవడానికి వచ్చేవారు. ఒకావిడ తన పాత మేక కోసం కూడా ఓ పూట ఏడ్చి తేలికపడింది. మావ మాత్రం తన చావు పాటకి అడుగులు కడుతూ, అమ్మా ఆ తడిగుడ్డ మాట దగ్గర కొంచెం సాగదీయమని అడిగించేవాడు. నేను మధ్యన నడిచి ఆ కబురు ఆమెకి చేర్చేదాన్ని.

ఛత్రపురంలో జిల్లా పోటీలని తెలిసి దరఖాస్తు నేనే నింపాను, మావకి చదువు లేదు. శాస్త్రీయమా, జానపదమా, పాశ్చాత్యమా అని గళ్ళున్నాయి. బల్ల దగ్గర కూర్చున్న ఆయన ఇది ఎక్కడి ఆట అని అడిగాడు. మార్కండి అన్నాను. అంతకుముందు ఎక్కడ అన్నాడు. చాలా దూరం అన్నాను. జానపదంలో వేసుకున్నాడు. నాయకుడి వయసు రేషన్ కార్డు చూసి రాస్తూ, పిల్లల విభాగం ఉదయం అని కూడా చెప్పాడు. పలకలు ట్రాక్టరు మీద వెళ్ళాయి. మేమూ వాటి మీదే వెళ్ళాం.

వేదిక మీద ఒకటే చిక్కొచ్చింది. పాడేవాళ్ళు జనానికి వీపు పెట్టకూడదన్నారు. అమ్మమ్మ పీటని పక్కకి తిప్పించారు. అంటే మొదటిసారి ఆమెకి మావ కనపడతాడు. ఆమె పీట సర్దుకుని కూర్చుంది. శోకం అందుకుంది. మేం ఏడుగురం చప్పట్లతో లెక్క పట్టాం. మావ మధ్యలోకొచ్చాడు. మూడో వరసలో, గంజి వార్చానన్న చోట, అమ్మమ్మ ఆగిపోయింది. మావ కాళ్ళనే చూస్తోంది. మాకు ఏం చెయ్యాలో తెలీక చప్పట్లు కొడుతూనే ఉన్నాం. మావా ఆగలేదు. అప్పుడు ఆమె లేచి, మైకు అక్కడుందన్న ధ్యాసే లేకుండా అడిగింది.

"ఒరే, నీకీ ఆట నేర్పినామె ఎవుల్ని పోగొట్టుకున్నాదిరా?"

మావ ఆగాడు. ఆ సంగతి మాకెవ్వరికీ ఎప్పుడూ చెప్పలేదు.

"కొడుకుని. సంద్రంలోకి ఏటకెళ్ళి రానేదు. ఈ బూట్లు ఆడివే."

"దినం సేసినారా?"

"పీనుగు దొరకనేదమ్మా. ఇంకా సూస్తన్నాది."

"పేరేటి?"

మాన్యుయేల్ అని మావ చెప్పాడు. అమ్మమ్మ ఆ పేరుని రెండుసార్లు నోట్లో తిప్పి చూసి, మళ్ళీ కూర్చుంది. ఓ నా మాణిక్యం, నా నాయినా, అని మొదలుపెట్టింది. ఏ నీట ఒరిగిపోయావురా అంది. నీ అమ్మ గంజి వార్చింది, గిన్నె ఎవరికి ఎత్తుతుందిరా అంది. తన కొడుకు కోసం ఏడ్చినప్పుడు కూడా ఆ గొంతు అంత పైకి వెళ్ళలేదు. మావ ఆడాడు. ముందు వరసలో ఎవరో లేచి నిలబడ్డారు, ఎందుకో వాళ్ళకీ తెలిసుండదు. నేను ఆ ఒక్కసారీ పన్నెండు నుంచి సరిగ్గా లెక్కపెట్టాను. మాకు జానపదంలో ఏమీ రాలేదు. మధ్యలో సంభాషణలున్నాయి కనక అది నాటకమని నిర్ణయించి, ఉత్తమ ఏకాంకికకి బహుమతి ఇచ్చారు. స్టీలు టిఫిను డబ్బా. పోలమ్మత్త దాన్ని సంతకి తీసుకెళ్ళి, నాటకంలో వేశానని అందరికీ చూపించింది. అబద్ధమేమీ కాదు కదా.

ఇంటికొచ్చాక అమ్మమ్మ అంతటితో వదల్లేదు. పరాయి తల్లి కొడుకు నీళ్ళు లేకుండా తిరుగుతున్నాడంది. వాడి బూట్లేసుకున్నందుకు తమ్ముడి వరసలో మావే చెయ్యాలంది. మళ్ళీ గడ్డిమనిషి, మళ్ళీ పంతులు. గోత్రం అడిగితే సముద్రం అని చెప్పారు, ఆయన ఒప్పుకున్నాడు. పదకొండో రోజున ఊరందరికీ భోజనాలు పెట్టింది. తరవాత నన్ను కూర్చోబెట్టి ఉత్తరం రాయించింది. నాకున్న కాలేజీ ఇంగ్లీషులో, మీ అబ్బాయి దినం ఇక్కడ బాగా జరిగింది, మీరు దిగులుపడవద్దు, అని రాశాను. చదివితే ఇప్పుడు సిగ్గేస్తుంది. రేవు గేటు పక్కన ఆటల బడి అని చిరునామా.

జవాబు నాలుగు నెలలకి వచ్చింది. మావకి ఆ భాష మాట్లాడ్డం వచ్చు గానీ చదవడం రాదు. బరంపురం చర్చిలో ఆ దేశపు ముసలి ఫాదరు ఒకాయన ఉండేవారు. అమ్మమ్మా, మావా, నేనూ వెళ్ళాం. ఆయన కళ్ళజోడు పెట్టుకుని ఉత్తరం మొత్తం ముందు లోపలే చదువుకున్నారు. తరవాత ఒడియాలో చెప్పారు. ఆమె థ్యాంక్స్ చెప్పలేదు, కోప్పడలేదు. అడిగింది రెండే సంగతులు. ఏం వండారు? ఎంతమంది తిన్నారు?

అమ్మమ్మ తృప్తిగా తలూపింది. "తల్లన్నాక అదే అడుగుతాది" అని, అక్కడికక్కడే జవాబు చెప్పింది. ఏ చేప పులుసు, ఏ కూర, పాయసంలో బెల్లం ఎక్కడిది, ఎవరెవరు రెండోసారి వడ్డించుకున్నారు, ఎవరు రాలేదు, వాళ్ళెందుకు రాలేదు. ఫాదరు ఒక్కటీ వదలకుండా రాశారు. పోలమ్మత్త మూడుసార్లు అన్నం పెట్టించుకుందన్నది కూడా.

మావ ఊళ్ళో నేర్పుతూనే ఉన్నాడు. నేను పెళ్ళై బరంపురం వచ్చి, ఓ అప్పడాలవాళ్ళ మేడ మీద క్లాసు పెట్టుకున్నాను. ముప్పయ్యేళ్ళు దాటింది. స్కూలు వార్షికోత్సవాలకి ఆటలు కట్టాను, పెళ్ళిళ్ళకి కట్టాను, ఓసారి ఊరి అమ్మవారి జాతర ఠాకురాణి యాత్రకి పులివేషగాళ్ళు వచ్చి అడుగులు నేర్చుకుపోయారు. తోకలు అడ్డమొచ్చినా లెక్క తప్పలేదు. ఇప్పుడు మేడ మీద నున్నటి టైల్స్, గోడకి నిలువుటద్దం, చేతిలో ఇమిడే స్పీకరు. పిల్లలు ఫోన్లో ఆ దేశపు అసలువాళ్ళని చూసి వస్తారు, నేను తప్పు చెబితే దిద్దుతారు. వాళ్ళ మణికట్లు మావాటికంటే మెత్తగా తిరుగుతాయి. ఒక్కరికీ ఎప్పుడూ ముల్లు గుచ్చుకుని ఉండదు. లెక్క వాళ్ళకి పుట్టుకతో వచ్చినట్టుంటుంది. మేం ఏడుగురం ఆ పలకల మీద ఎంత అధ్వాన్నంగా ఆడామో ఇప్పుడు తల్చుకుంటే తెలుస్తోంది. అయినా నాలుగయ్యేసరికి మా దగ్గరికి ఏడవడానికి ఊరు వచ్చేది. వీళ్ళ దగ్గరికి వీడియో తీసుకోవడానికి వస్తారు. ఏది మేలో నేను చెప్పలేను. అమ్మమ్మైతే చెప్పేసేది.

మావ దినం ముగించుకుని తిరిగొచ్చిన వారం, క్లాసులో బ్యాంకులో పనిచేసే అమ్మాయి ఒకతె, అడుగు తప్పని పిల్ల, ఇక్కడ ముఖంలో ఏం పెట్టాలి మేడమ్ అని అడిగింది. ఎప్పుడూ అడిగేదే, ఎప్పుడూ ఏదో చెప్పేదాన్నే. ఆ రోజు స్పీకరు ఆపేసి, నువ్వెవర్ని పోగొట్టుకున్నావమ్మా అన్నాను. తొమ్మిది మందీ నేల చూశారు. కింద అప్పడాలు ఒత్తే చప్పుడు వినిపిస్తోంది. ఆ పిల్ల, "మా కుక్క, మేడమ్" అంది. ఎవరూ నవ్వలేదు. ఎంత ఎత్తుండేదని అడిగాను. చెయ్యి చాపి, మోకాలి దగ్గర, తల నిమురుతున్నట్టు చూపించింది.

"ఆ చెయ్యి అక్కడే ఉంచు" అన్నాను. "ఇప్పుడు కాళ్ళు మొదలెట్టు."